ఇన్వర్టర్ కంపెనీ వాళ్లు వేసిన షార్ట్ ఫిల్మ్ షోకి వెళ్లినవాళ్లెవరైనా ఉన్నారా?

నేలటికెట్ · శనివారం రాత్రి 11:20

ఇప్పుడే ఇంటికొచ్చి, అన్నం కూడా తినకుండా రాస్తున్నాను.

ఫిల్మ్‌నగర్ వైపు ఒక ప్రివ్యూ థియేటర్లో ఇండిపెండెంట్ షార్ట్ ఫిల్మ్ షో. స్పాన్సర్ ఇన్వర్టర్లు, బ్యాటరీలు అమ్మే కంపెనీ. కంపెనీ పేరూ సినిమా పేరూ రాయను, ఆ కుర్రాళ్ల సినిమా ఇంకా ఫెస్టివల్స్‌కి వెళ్లాల్సి ఉందట. పాస్ ఫ్రీ. ఫారం నింపితే ఫోన్‌కి క్యూఆర్ కోడ్ వచ్చింది. ఆ ఫారంలోనే "మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉందా? కొని ఎన్నేళ్లయింది?" అని రెండు ప్రశ్నలు. నాకు అప్పుడే వెలగాల్సింది.

6:30కి రమ్మన్నారు, సినిమా పడింది 7:50కి. ఈలోపు లాబీలో కంపెనీ బోర్డు ముందు ఫొటోలు. మనిషెత్తు బ్యాటరీ బొమ్మ పక్కన సెల్ఫీ దిగి పెడితే ఒక టోపీ. యాంకరమ్మ "సౌండ్ సరిపోలేదు, ఇంకోసారి!" అని మా చేత మూడుసార్లు అరిపించింది. ముఖ్య అతిథి ట్రాఫిక్‌లో ఉన్నారని రెండుసార్లు చెప్పారు. కంపెనీ యాడ్ కూడా రెండుసార్లు. సమోసా మాత్రం బాగుంది, అబద్ధమెందుకు.

సినిమా 18 నిమిషాలు. 2012 ఎండాకాలం, పల్నాడులో ఒక ఊరు, కరెంటు కోతలు. ఒకే ఇంట్లో తోడికోడళ్లు. ఎనిమిది నెలలుగా మాటల్లేవు. రాత్రి కరెంటు పోతే ఊరంతా డాబాలెక్కినట్టే వీళ్లూ ఎక్కుతారు. పెద్దావిడ పిల్లాడికి విసురుతూ ఉంటుంది. చెయ్యి లాగేసి ఆపితే, చీకట్లోంచి చిన్నావిడ చెయ్యి వచ్చి విసనకర్ర అందుకుంటుంది. అక్కణ్నుంచి మాటలు. పుట్టింటి సంగతులు, పోయిన అత్తగారి నగలు, మునిగిపోయిన చిట్టీ. తెర మీద దాదాపు ఏమీ కనపడదు. ఎవరిదో చుట్ట నిప్పు, దూరంగా లారీ లైట్లు, అంతే. విసనకర్ర చప్పుడు మాత్రం ఆగదు. నేను సీటు అంచుకి జరిగి కూచున్నాను.

అప్పుడు సినిమాలో కరెంటొస్తుంది. ఊళ్లో పిల్లలంతా "హేయ్..." అని అరుస్తారు కదా, ఆ అరుపు. సరిగ్గా అదే క్షణంలో మా హాల్లో లైట్లన్నీ భగ్గున వెలిగాయి. జనం చప్పట్లు, ఈలలు. సినిమా మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది! వెలిసిపోయిన తెర మీద ఇద్దరాడవాళ్లు ఏదో చేస్తున్నారు, ఏమిటో తెలీదు. ఇంతలో మైకులో యాంకరమ్మ: "వెలుగొస్తే ఆ ఆనందమే వేరు కదండీ!"

లైట్లు పొరపాటున వేశారా, కావాలనే వేశారా? ఇంతకీ చివర్లో ఏమైంది?

కాకినాడకాజా · శనివారం రాత్రి 11:41

ఫ్రీ పాసు, ఏసీ హాలు, సమోసా, టోపీ. పైగా చివరి సీను కూడా కావాలంటున్నారు తమరు. ఆశకి అంతుండాలండీ.

సుజాత_హన్మకొండ · ఆదివారం ఉదయం 7:05

నేను గూడ అండ్లనే ఉన్న అన్నా. రెండో లైన్ల కూసున్న, తెర దగ్గర గదా, నాకు కొంచెం కనవడ్డది.

కరెంటు రాంగనే ఇద్దరూ ఒకళ్ల మొఖం ఒకళ్లు చూస్తరు. చిన్నామె చేతిలున్న విసనకర్ర కింద వెడ్తది. కొంగు సదురుకొని లేస్తది. ఒక్క మాట లేదు. మెట్లు దిగి పోతది. పెద్దామె పిలగాన్ని భుజానేసుకొని చాప చుడ్తది. కింద ఇంట్ల టీవీ దానంతట అదే మొదలైతది, సీరియల్ల అత్తకోడళ్లు కొట్లాడుకుంటుంటరు. తర్వాత డాబా ఒక్కటే, దాని మీద ట్యూబ్‌లైటు వెలుగు. గంతే, అయిపోయింది.

అంటే వెలుగు రావుడు ఆ సినిమాల సంతోషం గాదు. మళ్ల ఇద్దరు గోడ కట్టుకునుడు. ఆ యాంకర్ మాట ఇని నాకు మస్తు కోపమొచ్చింది.

లైట్లు పొరపాటు గాదు అని నా అనుమానం. తలుపు దగ్గర వాకీటాకీ పట్టుకొని ఒక పిలగాడు నిలవడ్డడు, "మూడు, రెండు, ఒకటి" అని లెక్కవెట్టుడు నేను ఇన్న.

గోదారిగట్టు · ఆదివారం ఉదయం 8:30

ఆగండాగండి. ఆ ఇంట్లో ఇన్వర్టరుంటే ఫ్యాన్లు తిరిగేవి, డాబా ఎక్కేవారు కాదు, ఆ తోడికోడళ్లు జన్మలో మాట్లాడుకునేవారు కాదు. అంతేగా? ఇన్వర్టర్ కంపెనీ డబ్బులిచ్చి మరీ "ఇన్వర్టర్ కొనకండి" అని సినిమా వేయించిందన్నమాట! పొద్దున్నే కాఫీ పొలమారింది.

షరతులువర్తిస్తాయి · ఆదివారం ఉదయం 9:12

నవ్వుకోవడం బాగానే ఉంది గానీ, అసలు దీన్ని ఇండిపెండెంట్ సినిమా అని ఎలా అంటున్నారు? కంపెనీ డబ్బు ముట్టుకున్నాక అది యాడ్. పొడుగు యాడ్, ఏడిపించే యాడ్, ఏదైనా అనండి. ఆ ఫారం చూశారుగా, మీ ఫోన్ నంబర్ల కోసం కట్టిన పందిరి అది. రేపటి నుంచి "సార్, బ్యాటరీ మారుస్తారా" అని ఫోన్లు మొదలవుతాయి.

టీవీలో మద్యం ప్రకటనలు వేయకూడదని కేబుల్ నిబంధనలు వచ్చాక సోడా పేరుతో, మ్యూజిక్ సీడీల పేరుతో అవే పేర్లు చూశాం. ఆ తర్వాత షార్ట్ ఫిల్మ్‌ల మొదటి టైటిల్ కార్డుగానూ చూశాం. కథ ఎంత బాగుంటే ఆ పేరు అంత లోపలికి దిగుతుంది. నా గోల అదే.

పాతరీలు · ఆదివారం ఉదయం 10:50

షరతులు గారూ, మీ అనుమానం తప్పనను. కానీ "డబ్బు ముట్టుకుంటే యాడే" అంటే చాలా మందిని గెంటేయాలి.

సత్యజిత్ రాయ్ 1964లో 'టూ' అని ఒక చిన్న సినిమా తీశాడు. పావుగంట కూడా ఉండదేమో, ఒక్క మాట లేదు. మేడ మీద బొమ్మలన్నీ ఉన్న పిల్లాడు, కింద గుడిసె పక్కన గాలిపటం ఎగరేసే పిల్లాడు. మేడ మీదివాడు తన దగ్గర ఉన్నవన్నీ చూపిస్తాడు, చివరికి ఆ గాలిపటాన్ని తుపాకితో పడగొడతాడు. దానికి డబ్బెవరిది? ఎస్సో. అమెరికా చమురు కంపెనీ, అక్కడి టీవీ కోసం తీయించింది. సినిమాలో ఎక్కడా పెట్రోలు వాసన రాదు. ఉన్నవాడి జులుం మీద తీసిన సినిమా అది, తీయించింది ఉన్నవాడే!

మన సికింద్రాబాద్ తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనెగల్ 1976లో 'మంథన్' తీసింది గుజరాత్ పాల రైతులు తలా రెండు రూపాయలు వేసుకుంటే. 5 లక్షల మంది. దాన్నీ పాల సహకార సంఘాల ప్రచారం అనొచ్చు, అన్నవాళ్లున్నారు కూడా. అయినా సినిమా నిలబడింది.

డబ్బు ఎటు నుంచి వచ్చినా నేను చూసేది ఒక్కటే, ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఎవరు కూర్చున్నారని. ఆ తోడికోడళ్ల సినిమా చివర్లో కంపెనీ వాళ్లు వేలు పెట్టారా లేదా, అది తెలిస్తే మాట్లాడుకోవచ్చు.

ప్రొజెక్టర్‌తాత · ఆదివారం మధ్యాహ్నం 1:15

నేను తెనాలి వైపు రెండు హాళ్లలో ఆపరేటర్‌గా చేసి రిటైరైనవాణ్ని. మనవరాలు ఈ చర్చ చదివి వినిపించింది. నేను చెబుతుంటే ఆ పిల్లే టైపు కొడుతోంది.

సినిమాకి ముందు ప్రకటనలు మీ కాలపు రోగం కాదు బాబూ. మా రోజుల్లో గాజు పలకల మీద ఊళ్లో బట్టల కొట్టు, బంగారు కొట్టు స్లైడ్లు వేసేవాళ్లం. సర్కారు వారి ఫిల్మ్స్ డివిజన్ న్యూస్‌రీలు తప్పనిసరి, అది వేయకపోతే ఊరుకోరు. తర్వాత విక్కో వజ్రదంతి. ఆ పాట పిల్లలు నాతోపాటు పాడేవాళ్లు. జనం వీటికేమీ అనుకోలేదు. ఎందుకంటే అన్నీ సినిమాకి ముందో, ఇంటర్వెల్‌లోనో. సినిమా లోపల కాదు.

హాల్లో లైటు స్విచ్చి ఆపరేటర్ సైగ మీద పడాలి. రెండు వేల అడుగుల రీలు ఇరవై నిమిషాలు పైచిలుకు. రీలు చివర తెర కుడి మూల చుక్క పడుతుంది, రెండో మెషిన్ ఎత్తుకోవాలి. ఆ చుక్క కోసం కన్నార్పకుండా కూచునేవాళ్లం, కార్బన్ కడ్డీలు సర్దుకుంటూ. సినిమా ఎక్కడ అవుతుందో మాకు తెలుసు, ఇంకెవరికీ తెలియాల్సిన పని లేదు. ఒకసారి మేనేజరు బావమరిది శుభం కార్డు పడకముందే తలుపులు తెరిపించాడు, రెండో ఆటకి జనం ఎక్కువున్నారని. నేల క్లాసు వాళ్లు సోడాబుడ్లు విసిరారు. నేను వాళ్ల పక్షమే.

నిజంగా కరెంటు పోయిన రోజులూ ఉన్నాయి. జనరేటరు అందుకునేదాకా చీకట్లో ఎవడో ఒకడు హీరో డైలాగు చెప్పేవాడు, హాలంతా నవ్వులు. ఆ చీకట్లో బాగానే ఉండేది.

రీల్‌రాణి · ఆదివారం మధ్యాహ్నం 3:02

తిట్టుకోకుండా చదవండి. నేనూ వెళ్లాను, నాకు డబ్బులిచ్చి పిలిచారు. ఇన్‌స్టాలో ఒక రీలు, మూడు స్టోరీలు. "లైట్లు వెలిగినప్పుడు ఆడియన్స్ ముఖాలు తీయండి" అని ముందే చెప్పారు. అంటే సుజాత అక్క అనుమానం నిజమే, పొరపాటు కాదు.

డబ్బు తీసుకుంటే అది ప్రకటన అని పోస్టు మీదే రాయాలని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం నియమాలు పెట్టింది. డబ్బే కానక్కర్లేదు, ఊరికే ఇచ్చిన వస్తువు, సదుపాయం అయినా సరే చెప్పాలి. నేను రాశాను. రాయనివాళ్లు అక్కడ చాలామందే.

నా రీలు బాగా తిరుగుతోంది. జనం నవ్వుతూ చప్పట్లు కొడుతున్న ముఖాలు. ఇప్పుడు సుజాత అక్క చెప్పిన చివరి సీను చదివాక దాన్ని మళ్లీ చూసుకున్నాను. వెనకాల తెర మీద, ఫోకస్‌లో లేకుండా, ఒకామె విసనకర్ర కింద పెడుతోంది. అక్కడ ఉండి, కెమెరా పట్టుకుని, నేను అది చూడలేదు.

వేదిక నిర్వాహకులు · ఆదివారం మధ్యాహ్నం 3:30

కంపెనీ పేరు ఊహిస్తూ రాసిన నాలుగు పోస్టులు తీసేశాం. ఊహల్లో రెండు ఎర్రరంగు బ్యాటరీలు, ఒకటి పచ్చరంగుది. దయచేసి ఆపండి.

డల్లాస్‌బాబాయ్ · ఆదివారం సాయంత్రం 6:44

మా ఊళ్లో తెలుగు వాళ్ల షోలకి స్పాన్సర్లు రియల్ ఎస్టేట్ ఏజెంటు, బిర్యానీ హోటలు, పన్నులు చేసిపెట్టే ఆయన. పోయినసారి మనవాడు తీసిన అరగంట సినిమా వేస్తే, సగంలో ఆపి లక్కీ డ్రా తీశారు. సినిమాలో తండ్రి చావుబతుకుల్లో ఉన్నాడు, ఇక్కడ "టికెట్ నంబర్ 47, ఎయిర్ ఫ్రయ్యర్!" 47 నాదే. ఇంకా వాడుతున్నాం, మా ఆవిడ అప్పడాలు వేయిస్తుంది. అందుకని నేను నీతులు చెప్పను.

బూమ్‌రాడ్ · ఆదివారం రాత్రి 9:58

రాయాలా వద్దా అని రోజంతా ఆలోచించాను. నేను ఆ సినిమాకి సౌండ్ చేశాను. దర్శకుణ్ని అడిగే రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. సినిమా తీసింది మేమే, ఏడుగురం వేసుకున్న డబ్బులతో. షూటింగ్ ఐపోయాక ఖజానా ఖాళీ. మిక్సింగ్ థియేటర్ బిల్లు, ఫెస్టివల్ ఫీజులు మిగిలాయి. ఒక్కో ఫెస్టివల్‌కి ఎంట్రీ ఫీజు కట్టుకుంటూ పోతే చిన్న సినిమాకి అదే రెండో బడ్జెట్. అప్పుడు ఈ కంపెనీ దగ్గరికెళ్లాం. ఒప్పందంలో ఉన్నవి: మొదట్లో వాళ్ల కార్డు ఒకటి, ఒక షో, ఫెస్టివల్స్ ముగిశాక వాళ్ల యూట్యూబ్ చానల్లో సినిమా. సినిమా లోపల వాళ్ల వస్తువు కనపడదు, ఎడిట్‌లో మార్పులు అడగరు. అడగలేదు కూడా. పాతరీలు గారి ప్రశ్నకి జవాబు అది.

గోదారిగట్టు గారూ, మీ కాఫీ పొలమారిన మాట మేమూ భయపడ్డాం. మొదటిసారి చూపించినప్పుడు కంపెనీలో ఈ పని చూసే మేడమ్ కాసేపు ఏం మాట్లాడలేదు. ఇక పోయిందనుకున్నాం. "మా ఇన్వర్టర్ ఉంటే మీ కథే లేదుగా" అని నవ్వి, వాళ్ల అమ్మ, పిన్ని సంగతి చెప్పారు. సంతకం పెట్టారు. ఇలాంటి మనిషి ఒకరు ఉంటారని షరతులు గారు నమ్మకపోవచ్చు, నేనూ నమ్మేవాణ్ని కాదు.

చెడింది షో దగ్గర. అది ఈవెంట్ ఏజెన్సీ చేతిలో ఉంది. వాళ్ల కాగితంలో "తెర మీద కరెంటు రాగానే హాల్ లైట్లు, చప్పట్లు, యాంకర్" అని రాసుకున్నారట. మాకు చూపించలేదు. వాళ్లకిచ్చిన లింకులో సినిమా అక్కడిదాకానే చూసి, ముగింపు అదేననుకున్నారు. తర్వాత ఇంకా నిమిషం నలభై సెకన్లుంది. నేను పదకొండు రోజులు కూచున్నది ఆ నిమిషం నలభై మీదే.

ఎందుకంటే విసనకర్ర చప్పుడు సినిమా మొత్తం ఉంటుంది, జనం దాన్ని వినడం మానేస్తారు. అది ఆగినప్పుడే అది ఉండేదని తెలుస్తుంది. ఆ ఆగడం ఫ్యాను హోరు కింద వినపడాలి. ఫ్యాను హోరు వెనక స్పీకర్ల నుంచి నెమ్మదిగా మొదలై ముందుకి రావాలి, ఇల్లు మిమ్మల్ని మళ్లీ మింగేసినట్టు. 5.1లో, అంటే ముందూ వెనకా స్పీకర్లుండే లెక్కలో కలిపాం. డీసీపీ, అంటే థియేటర్లలో వేసే డిజిటల్ కాపీ, చేసి హార్డ్ డిస్క్ ఇచ్చాం. డీసీపీ పెన్‌డ్రైవ్‌లో పాట పెట్టినట్టు కాదు, థియేటర్ సర్వర్‌లోకి ముందే ఎక్కించుకుని ఒకసారి వేసి చూసుకోవాలి. వాళ్లు 6 గంటలకి వచ్చి, టైం లేదని, యాంకర్ వీడియోలున్న ల్యాప్‌టాప్‌లోంచే మా ఎంపీ4 వేశారు. అంటే స్టీరియో. వెనక స్పీకర్లు నోరు మూసుకుని కూచున్నాయి. ల్యాప్‌టాప్‌కీ ప్రొజెక్టర్‌కీ నలుపు లెక్క కుదరక చీకటంతా బూడిదరంగు. మా కెమెరామన్ చుట్ట నిప్పు ఒక్కదానితో వెలిగించిన షాటు మీకు ఉతికిన గోనెసంచిలా కనపడి ఉంటుంది. పైగా పక్కన మనిషెత్తు బ్యాటరీ బొమ్మ, దాని చుట్టూ ఎల్‌ఈడీ లైట్లు.

నేలటికెట్ గారూ, అయినా మీరు సీటు అంచుకి జరిగారన్నారు చూడండి, ఆ వాక్యం స్క్రీన్‌షాట్ తీసి మా గ్రూపులో పెట్టాను.

షరతులువర్తిస్తాయి · ఆదివారం రాత్రి 10:31

సరే బూమ్‌రాడ్ గారూ, ఎడిట్ జోలికి రాలేదంటే ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఫారం గురించిన మాట తీసుకోను. ఇవాళే ఫోన్ వచ్చింది, బ్యాటరీ మారుస్తారా అని. నేను అసలు షోకే రాలేదు! మా తమ్ముడు నా నంబరిచ్చాడట.

ఇంకోటి, యూట్యూబ్‌లో పెడితే ఫెస్టివల్స్ తీసుకోవు కదా?

బూమ్‌రాడ్ · ఆదివారం రాత్రి 10:47

అందుకే "ముగిశాక" అని రాయించుకున్నాం. కొన్ని ఫెస్టివల్స్ ఎక్కడా ఆన్‌లైన్‌లో ఉండకూడదంటాయి. ఆస్కార్ షార్ట్ ఫిల్మ్ విభాగానికి టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాల లోపుండాలి, అర్హత రాకముందే నెట్‌లో పెట్టేస్తే అంతే సంగతులు. బెంగళూరు షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో గెలిస్తే ఆ అర్హత వస్తుంది. మేం అంత దూరం చూడట్లేదు గానీ, తలుపు మనమే మూసుకోవడం ఎందుకు? తమ్ముడికి మా తరఫున థాంక్స్ చెప్పండి.

సుజాత_హన్మకొండ · సోమవారం ఉదయం 6:50

తమ్మీ, ఒక్కసారి సక్కగ చూపియ్యరాదు మాకు? రవీంద్రభారతిల పైడి జయరాజ్ ప్రివ్యూ థియేటర్ల సినివారం అని శనివారం శనివారం షార్ట్ ఫిల్ములు ఏసేటోళ్లు, నేను మస్తు సార్లు పోయిన. సినిమా అయినంక డైరెక్టర్ను నిలవెట్టి అడిగేటోళ్లు, యాంకర్ లేదు, టోపీ లేదు. బంజారాహిల్స్‌ల లమకాన్ ఉంది, సినిమాలు, నాటకాలు ఏసే జాగ. లేకుంటే మా ఉప్పల్ అపార్ట్‌మెంట్ డాబా ఉంది, ముప్పై మంది వడ్తరు.

నేలటికెట్ · సోమవారం ఉదయం 9:15

డాబా! సుజాత గారూ, డాబా మీద కరెంటు కోత సినిమా. ఇంకేం ఆలోచించకండి. నేను ప్రొజెక్టర్ తెస్తాను, ఆఫీసులో ఒకటి మూలపడి ఉంది. తాతగారిని తెనాలి నుంచి రప్పించి స్విచ్చి దగ్గర కూచోబెడదాం.

బూమ్‌రాడ్ · సోమవారం ఉదయం 9:40

డాబా మీద 5.1 రాదు. అయినా పర్లేదు, నాలుగు స్పీకర్లు నేను మోసుకొస్తాను. పౌర్ణమి దగ్గర్లో మాత్రం పెట్టకండి, అమావాస్య ముందూ వెనకా చూడండి. పక్క అపార్ట్‌మెంట్ వాళ్ల ఫ్లడ్‌లైటు ఆపుతారా? అది కనుక్కోండి ముందు.

ప్రొజెక్టర్‌తాత · సోమవారం ఉదయం 11:20

నేను వస్తాను. మనవరాలు బస్సు టికెట్ చూస్తానంది. మోకాలు నొప్పి, ఎన్నో అంతస్తు? లిఫ్టు ఉందా?

సుజాత_హన్మకొండ · సోమవారం ఉదయం 11:34

ఐదో అంతస్తు తాతా, లిఫ్టుంది. కరెంటు పోతే లిఫ్టుకు జనరేటర్ గూడ ఉంది. ఫ్లడ్‌లైటోళ్లను నేను అడుగుత, ఆ సెక్రటరీ నా చిట్టీల ఉన్నడు, ఇనకుంటే యాడికి పోతడు.

కాకినాడకాజా · సోమవారం మధ్యాహ్నం 12:05

తాటాకు విసనకర్రలు ఒక ఇరవై నేను తెస్తానండి, మా అమ్మమ్మ గారి ఊళ్లో ఇంకా అల్లుతున్నారు. సినిమాలో వాళ్లు విసిరితే ఇక్కడ మనమూ విసురుదాం, దోమలుంటాయి కదా. సమోసాల సంగతి ఎవరు చూస్తున్నారు?

బూమ్‌రాడ్ · సోమవారం మధ్యాహ్నం 12:09

విసనకర్రలు తెండి గానీ, సినిమా నడిచేటప్పుడు విసరొద్దు. దణ్ణం పెడతాను. పదకొండు రోజులండీ.

కాకినాడకాజా · సోమవారం మధ్యాహ్నం 12:11

దోమలకి ఏం చెప్పమంటారు మరి?